మందు పడని మూడు ముక్కలు: పెరంబూరు దోమల పరీక్ష డైరీ

జులై 27, ఆదివారం

మా తాతగారు రైల్వే వర్క్‌షాపులో పనికి కుదిరి చెన్నైలోని పెరంబూరు చేరిన నాటి నుంచీ ఈ పేటలో దోమల మీద ఫిర్యాదు మారలేదు, మారినదల్లా మందు పేరు ఒక్కటే. ఒకరు పొగ బండి రావాలంటారు, మరొకరు కాలువలో నూనె పోయాలంటారు, ఇంకొకరు ఫలానా పొడి చల్లితే నెల రోజులు దోమ కనిపించదంటారు. అయితే ఎవరి దగ్గరా లెక్క మాత్రం లేదు. ఆ లెక్క ఏదో మనమే తీద్దామని ఈ రోజు మా వీధుల సంఘం, సమీపంలోని ఒక కళాశాల జంతుశాస్త్ర విభాగం, కార్పొరేషన్ మలేరియా విభాగపు క్షేత్ర సిబ్బంది, చీడల నివారణ పని చేసుకునే ఒక మిత్రుడు కలిసి కూర్చొని ఒక ఒప్పందానికి వచ్చాము.

ఏ మందు గొప్పది అన్నది మా ప్రశ్న కాదు. మా కాలువ నీటిలో, మా పాత బావుల నీటిలో ఏ మందు ఎన్ని రోజులు నిలుస్తుంది అన్నదే ప్రశ్న. 1968 నాటి క్రిమిసంహారక మందుల చట్టం కింద రిజిస్టరై, ప్రజారోగ్య కార్యక్రమంలో వాడుకలో ఉన్న మందులనే, లేబుల్ మీది మోతాదులోనే, శిక్షణ ఉన్న సిబ్బంది చేతనే వేయించాలని, లెక్కపెట్టే పని మాత్రం మేము చేయాలని అనుకున్నాము. తాగునీటి తొట్టెల జోలికి పోము. ఇళ్లలోని డ్రమ్ములు, పూలకుండీలు, పాత టైర్లు డెంగీని మోసే ఈడిస్ దోమకు నెలవులు. వాటికి మందు అవసరమే లేదు, వారానికి ఒకసారి ఒంపి తోమితే చాలు కనుక వాటిని పరీక్షలో చేర్చలేదు.

వాననీటి కాలువలో నీరు కదలకుండా నిలిచిన పది మీటర్ల ముక్కలు తొమ్మిది ఎంచుకున్నాము. మూడింటికి అబేట్ అని అందరూ పిలిచే టెమిఫాస్, మూడింటికి బీటీఐ అనే బాక్టీరియా పొడి, మూడింటికి ఏమీ వేయము. వాడకంలో లేని బావులు నాలుగు దొరికాయి. రెండింటికి పైరిప్రాక్సిఫెన్ గుళికలు, రెండు ఊరికే ఉంటాయి. పరీక్ష సాగే నాలుగు వారాలూ కార్పొరేషన్ వారి వారం వారం మందు ఈ ముక్కల మీద పడకుండా చూస్తామని వారు ఒప్పుకున్నారు. ఊరికే వదిలే మూడు ముక్కల సంగతి చెప్పగానే సమావేశంలో ఒక పెద్దాయన లేచి, ‘మందు చేతిలో ఉంచుకొని వేయకపోవడమేమిటి’ అని అడిగారు. మందు పడిన ముక్కలతో పోల్చి చూడడానికేనని సమాధానం చెప్పాము గాని ఆయన ముఖంలో ఒప్పుదల కనిపించలేదు. పరీక్ష ముగిసిన రోజునే ఆ మూడింటికీ మందు వేస్తామని పుస్తకంలో రాసి సంతకాలు పెట్టాము.

ఆగస్టు 2, శనివారం

లార్వాలను తోడే సాధనం కోసం 300 మిల్లీలీటర్లు పట్టే తెల్లటి ప్లాస్టిక్ మగ్గుకు వెదురు కర్ర కట్టాము. తెలుపు ఎందుకంటే నల్లటి పురుగు దానిలో స్పష్టంగా కనిపిస్తుంది. చూడడానికి పిల్లల ఆటలా ఉన్నా, తోడడంలో నేర్పు ఉంది: మన నీడ నీటి మీద పడితే లార్వాలు గబుక్కున అడుగుకు దిగిపోతాయి, కనుక సూర్యునికి ఎదురుగా నిలబడి, మగ్గును ఏటవాలుగా దించి, నీటిని కలచకుండా ఒక్క తోపుతో తీయాలి. ముక్కకు ఐదు తోడులు చొప్పున తీసి, తొలి రెండు దశల లార్వాలను, చివరి రెండు దశల లార్వాలను, దోమ అయ్యే ముందరి దశలోని ప్యూపాలను వేర్వేరుగా రాయాలని నిర్ణయించాము.

కాలువల పూడిక తీసే కార్మికులు ఈ ప్రాంతంలో చాలామంది తెలుగువారే. వారి మేస్త్రి మేము నడి కాలువలో తోడుతుండగా చూసి, ‘అక్కడ ఏముంటుంది సార్, బురద గట్టు పక్కన, ప్లాస్టిక్ సంచులు ఆగిన మూలన చూడండి’ అన్నాడు. ఆయన చూపిన చోట ఒక్క తోడుకు మా పుస్తకంలో గీసిన గడి చాలలేదు. అప్పటి నుంచి ప్రతి ముక్కలో మూడు తోడులు గట్టు పక్కన, రెండు నడిమధ్యన అని స్థానాలను సున్నపు గుర్తులతో స్థిరపరిచాము. ఒక వారం గట్టున, మరొక వారం నడుమన తోడితే ఆ లెక్కకు అర్థముండదు.

తెచ్చిన లార్వాలన్నీ దాదాపు క్యూలెక్స్ జాతివే. నీటి పైపొరకు తలకిందులుగా, పొడవాటి ఊపిరి గొట్టంతో వేలాడుతూ ఉంటే క్యూలెక్స్, గొట్టమే లేకుండా పైపొరకు సమాంతరంగా పడుకొని ఉంటే అనాఫిలిస్ అని జంతుశాస్త్ర విభాగం మేడమ్ తన విద్యార్థులకు గాజు పాత్రలో చూపించారు.

ఆగస్టు 10, ఆదివారం

మొదటి ప్రయోగశాల పరీక్ష పనికిరాకుండా పోయింది. మందును కాలువలో వేసే ముందు, మా కాలువ లార్వాలు ఆ మందుకు లొంగుతాయో లేదో గ్లాసుల్లో చూడాలి. గ్లాసుకు 25 లార్వాలు చొప్పున నాలుగు గ్లాసులు ఒక మోతాదుకు, మందు లేని గ్లాసులు విడిగా నాలుగు, 24 గంటల తర్వాత చచ్చినవాటి లెక్క. ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన పద్ధతి. ఉదయం చూస్తే మందు లేని గ్లాసుల్లోనే 100 లార్వాలకు 24 చచ్చి ఉన్నాయి. మందు లేని చోట చావు 20 శాతం దాటితే ఆ పరీక్షను మొత్తం కొట్టివేయాలని నియమం. విద్యార్థుల్లో ఒకరు మందు గ్లాసుల్లో చావు ఎక్కువే ఉంది కదా అని బతిమాలుకున్నట్టు అడిగినా, మేడమ్ నిర్దాక్షిణ్యంగా గీత కొట్టేశారు. ఆ గీత నాకు నచ్చింది. కుళాయి నీటిని పట్టిన వెంటనే వాడడమే పొరపాటని, అందులోని క్లోరిన్ లార్వాలకు హాని చేసి ఉంటుందని అనుమానం.

ఆగస్టు 17, ఆదివారం

ఈసారి నీటిని వెడల్పాటి టబ్బులో ఒక రోజంతా మూత లేకుండా నిలవబెట్టి వాడాము. మందు లేని గ్లాసుల్లో 100కు 8 చచ్చాయి. టెమిఫాస్ మోతాదుల వరుసలో ఒక తక్కువ మోతాదు గ్లాసుల్లో 77 చచ్చాయి. మందు లేని చోట చావు 5 నుంచి 20 శాతం మధ్య ఉంటే, 1925లో అబ్బాట్ ఇచ్చిన సూత్రంతో దిద్దుకోవాలి: 77 నుంచి 8 తీసివేస్తే 69, వంద నుంచి 8 తీసివేస్తే 92, అరవై తొమ్మిదిని తొంభై రెండుతో భాగిస్తే 75 శాతం. తమంతట తామే చచ్చే ఎనిమిదింటిని మందు ఖాతాలో వేయకుండా ఆపడమే ఈ సూత్రం పని.

పై మోతాదుల్లో రెండు మందులకూ లార్వాలు పూర్తిగా లొంగాయి. కాలువకు వెళ్లవచ్చు.

ఆగస్టు 20, బుధవారం

ఏ ముక్కకు ఏ మందు అన్నది చీటీలతో తేల్చాము. రెండో తరగతి చదివే ఒక పాప తీసింది. మందు పడని మూడు ముక్కల్లో ఒకటి సరిగ్గా మా సంఘం కార్యదర్శిగారి వాకిలి ముందుకు, ఇంకొకటి ఆటో స్టాండు ముందుకు వచ్చాయి. కార్యదర్శిగారు నవ్వి ఊరుకున్నారు. వారి శ్రీమతిగారు నవ్వలేదు.

1897లో ఇదే తేదీన రొనాల్డ్ రాస్ సికింద్రాబాదులో దోమ కడుపు గోడలో మలేరియా పరాన్నజీవిని గుర్తించాడు కనుక ఇది ప్రపంచ దోమల దినం. అంతకు పద్నాలుగేళ్ల ముందు, 1883లో, ఆయన బెంగళూరులో ఉన్నప్పుడే బంగళాలోని నీటి తొట్టిలో దోమలు పుడుతున్నాయని గమనించి, నీరు అందకుండా చేస్తే దోమలు తగ్గుతాయని గ్రహించాడు. ఆ తొట్టి కథ నాకు సికింద్రాబాదు కథ కన్నా ఎక్కువ ఇష్టం, ఎందుకంటే అది మా ఇంటి మేడ మీద ఇప్పటికీ జరుగుతూనే ఉంది.

ఆగస్టు 24, ఆదివారం

మందు వేసిన రోజు. ఉదయం ఆరింటికే మందుకు ముందరి చివరి లెక్క తీశాము. చివరి దశల లార్వాలు, తోడుకు సగటున, మందు పడని ముక్కల్లో 18, టెమిఫాస్ ముక్కల్లో 20, బీటీఐ ముక్కల్లో 16.

టెమిఫాస్ 50 శాతం ద్రావణాన్ని 10 లీటర్ల నీటికి రెండున్నర మిల్లీలీటర్లు కలిపి, కాలువ పొడవున మీటరుకు 20 మిల్లీలీటర్ల చొప్పున చల్లాలి. అంటే మా పది మీటర్ల ముక్కకు 200 మిల్లీలీటర్లు, ఒక టీ గ్లాసు కన్నా కొంచెం ఎక్కువ. గుమిగూడిన వారికి ఇది నమ్మశక్యం కాలేదు. ‘ఇంతేనా? ఇది దోమకా, దోమ బొమ్మకా?’ అని వెనుక నుంచి ఒకరు అన్నారు. చేతిపంపుతో చల్లిన సిబ్బంది అన్న తొడుగులు, ముఖానికి గుడ్డ తీయకుండానే, ఎక్కువ పోస్తే ఎక్కువ చావవని, మందుకు తట్టుకునే దోమలు మాత్రం తొందరగా తయారవుతాయని ఓపికగా చెప్పాడు. ఈ మందు ఆర్గానోఫాస్ఫేట్ కోవకు చెందినది, నరాల మీద పని చేస్తుంది. మోతాదు మాట అటుంచి చేతికి అంటకుండా చూసుకోవడం వేసేవారికి ముఖ్యం.

బీటీఐ తీరు వేరు. 1976లో ఇజ్రాయెల్‌లోని నెగెవ్ ఎడారిలో ఒక ఎండుతున్న మడుగులో దొరికిన ఈ బాక్టీరియా, తన బీజాలతో పాటు ప్రోటీన్ స్ఫటికాలను తయారు చేస్తుంది. లార్వా వాటిని తింటే, దాని పేగులోని గాఢమైన క్షార గుణానికి స్ఫటికం కరిగి విషమై పేగు గోడను చీలుస్తుంది. మన పేగులో ఆ పరిస్థితి లేదు, చేపలకూ లేదు. పుదుచ్చేరిలో 1975 నుంచి పని చేస్తున్న కీటక వాహక నియంత్రణ పరిశోధన కేంద్రం వారు వెలికితీసిన బి17 అనే రకం కూడా ఈ కోవదే. అయితే ఇందులో రెండు మెలికలు ఉన్నాయి: లార్వా తింటేనే పని చేస్తుంది కనుక ఏమీ తినని ప్యూపాను ఇది ముట్టుకోదు, పొడి బరువుకు అడుగున పేరుకుపోతే పైపైన మేసే లార్వాకు అందదు. మా కాలువలో అడుగంతా బురదే.

ఆగస్టు 26, మంగళవారం

రెండో రోజు లెక్క: టెమిఫాస్ ముక్కల్లో లార్వాలు దాదాపు లేవు. బీటీఐ ముక్కల్లో తోడుకు 16 నుంచి ఒకటికి పడిపోయాయి, ప్యూపాలు మాత్రం యథాతథం. మందు పడని ముక్కల్లో 18, కదల్లేదు.

ఆగస్టు 31, ఆదివారం

శుక్రవారం రాత్రి ఉరుములతో గంటన్నర వాన కురిసింది. కాలువలు పొంగి, కొన్ని లార్వాలు కొట్టుకుపోయాయి. ఏడో రోజు లెక్క తీస్తే టెమిఫాస్ ముక్కల్లో తోడుకు 3, బీటీఐ ముక్కల్లో 6, మందు పడని ముక్కల్లో 9.

ఈ మూడు అంకెల దగ్గర మేము ఒక గంట కూర్చున్నాము. టెమిఫాస్ 20 నుంచి 3కు తెచ్చిందంటే 85 శాతం తగ్గుదల అని, బీటీఐ 16 నుంచి 6కు తెచ్చిందంటే 62 శాతం దాటిందని సంఘం వాట్సాప్‌లో అప్పుడే ఎవరో పెట్టేశారు. కాని మందు పడని ముక్కల్లో కూడా 18 నుంచి 9కి తగ్గాయి కదా? ఆ సగం వాన తెచ్చిన తగ్గుదల, మందుది కాదు. 1971లో ముల్లా బృందం వాడిన సూత్రం ఈ చిక్కునే విప్పుతుంది. మందుకు ముందు మందు పడని చోట ఉన్నదానిని మందు పడే చోట ఉన్నదానితో భాగించి, మందు తర్వాత మందు పడిన చోట ఉన్నదానిని పడని చోట ఉన్నదానితో భాగించి, రెండింటినీ గుణించి, వందతో హెచ్చించి, వంద నుంచి తీసివేయాలి. టెమిఫాస్‌కు 18ని 20తో, 3ని 9తో భాగించి గుణిస్తే 0.3, తగ్గుదల 70 శాతం. బీటీఐకి 18ని 16తో, 6ని 9తో భాగించి గుణిస్తే 0.75, తగ్గుదల 25 శాతమే.

అరవై రెండు ఎక్కడ, ఇరవై ఐదు ఎక్కడ! ఊరికే వదిలిన ఆ మూడు ముక్కలు లేకపోతే వాన పుణ్యాన్ని పొడి ఖాతాలో రాసుకొని, వారం తర్వాత కూడా బీటీఐ బాగా నిలిచిందని చెప్పుకొని తిరిగేవాళ్లం. జులైలో లేచి అడిగిన పెద్దాయనకు ఈ లెక్కను కాగితం మీద వేసి చూపించాను. ఆయన రైల్వే అకౌంట్సులో పని చేసి రిటైరైన మనిషి. రెండుసార్లు తిరగేసి, ‘ఈ మాట ఆ రోజే అంకెలతో చెప్పవలసింది’ అన్నారు.

సెప్టెంబరు 5, శుక్రవారం

ఆటో స్టాండు ముందరి ముక్క పోయింది. తోడితే లార్వా ఒక్కటి లేదు, ప్యూపా ఒక్కటి లేదు. నీటి మీద నెమలిపింఛం రంగుల పొర, ముక్కు పుటాలదిరే ఇంజనాయిలు వాసన. ఎవరు పోశారో వెతకనక్కరలేకపోయింది, పోసిన ఆటో తమ్ముడే ఎదురొచ్చి చెప్పాడు. నాలుగు రోజులుగా వాళ్ల బిడ్డకు జ్వరం. రక్త పరీక్షలో డెంగీ కాదు, మలేరియా కాదు అని తేలినా అతని మనసు కుదుటపడలేదు.

‘మీ లెక్క కోసం నా బిడ్డ దోమల చేత కుట్టించుకోవాలా అన్నా?’ అని అడిగాడు. గొంతు పెంచలేదు, అందుకే ఆ మాట ఎక్కువ తగిలింది.

నేను చెప్పగలిగినదంతా చెప్పాను. ఈ కాలువలో పుట్టే క్యూలెక్స్ దోమ కిలోమీటరు దూరమైనా ఎగిరి వస్తుంది, ఓటేరి నల్లా అనే పెద్ద కాలువ మనకు ఆ దూరంలోనే ఉంది. మేము మందు వేసిన ఆరు ముక్కల వల్ల వీధిలో కాట్లు తగ్గవు, వేయని మూడింటి వల్ల పెరగవు, ఇది మందు సంగతి తెలుసుకునే పరీక్షే తప్ప దోమలు పోగొట్టే కార్యక్రమం కాదు. ఇదంతా నిజమే. కాని ఈ నిజాన్ని జులైలోనే స్టాండుకు వెళ్లి చెప్పి ఉండాలి. సంఘం సమావేశానికి వచ్చిన ఇళ్లవాళ్ల ఒప్పుదలను వీధి మొత్తం ఒప్పుదలగా లెక్కించాము, పగలంతా ఆ కాలువ పక్కనే కూర్చునే ఆటోవాళ్లను అడగనే లేదు. తప్పు మాది.

నూనె పొర లార్వా ఊపిరి గొట్టాన్ని మూసివేసి చంపుతుంది, పాతకాలం నుంచీ తెలిసిన ఉపాయమే. దాని కోసం తయారు చేసిన లార్వా నూనెలు వేరే ఉన్నాయి. వాడి పారేసిన ఇంజనాయిలులో లోహాలూ మసీ కలిసి ఉంటాయి, ఇక్కడ పోసింది ఓటేరి నల్లా దారిన బకింగ్‌హాం కాలువకు చేరుతుంది. ఈ మాట కూడా చెప్పాను. అతను సరేనన్నాడు. సాయంత్రం సిబ్బంది అన్నతో కలిసి అతని ఇంటి మేడ చూస్తే, మూత లేని సిమెంటు తొట్టిలో ఈడిస్ లార్వాలు కనిపించాయి. అప్పటికప్పుడే ఒంపి తోమించాము.

పుస్తకంలో ఆ ముక్కను ఈ తేదీ నుంచి లెక్కలో కలపకూడదని, కారణంతో సహా రాశాము. ఇక మందు పడని ముక్కలు రెండే. మూడింటి సగటుకూ రెండింటి సగటుకూ ఉన్న తేడా మా పరీక్షను బలహీనపరుస్తుంది, అయినా దాచేది లేదు.

సెప్టెంబరు 14, ఆదివారం

బావుల సంగతి ఇన్నాళ్లూ రాయలేదు, ఎందుకంటే పైకి చూస్తే అక్కడ ఏమీ జరగలేదు. గుళికలు వేసిన రెండు బావుల్లోనూ లార్వాలు మునుపటిలాగే తిరుగుతున్నాయి. ఒక బావి యజమానురాలైన అత్తగారు రోజూ తొంగి చూసి, ‘మీ మందు తిని బలిసినట్టున్నాయి నాయనా’ అంటున్నారు. సగం సీసా అబేట్ తెచ్చి తానే పోస్తానని కూడా సిద్ధపడ్డారు. బావి వ్యాసార్థం 60 సెంటీమీటర్లు, నీటి లోతు రెండు మీటర్లు. అంటే సుమారు 2,260 లీటర్లు. లీటరుకు ఒక మిల్లీగ్రాము చొప్పున అనుకున్నా 50 శాతం ద్రావణం నాలుగున్నర మిల్లీలీటర్లు సరిపోతుంది. సగం సీసా అనగానే నాకు ఈ లెక్క వేసి చూపించక తప్పలేదు.

పైరిప్రాక్సిఫెన్ విషంలా చంపదు. అది లార్వా శరీరంలోని ఎదుగుదల హార్మోనును అనుకరించి, ప్యూపా దోమగా మారే ఆఖరి మెట్టు దగ్గర ఆపేస్తుంది. కనుక బావిలో తోడి లాభం లేదు, ప్యూపాలను తెచ్చి, వల కప్పిన గాజు పాత్రల్లో ఉంచి, ఎన్ని దోమలై ఎగిరాయో లెక్కించాలి. మందు లేని బావుల నుంచి తెచ్చిన 50 ప్యూపాల్లో 40 దోమలయ్యాయి. గుళికల బావుల నుంచి తెచ్చిన 50లో 6 అయ్యాయి; మిగిలినవాటిలో కొన్ని సగం పొర చీల్చుకొని నీటి మీదే చచ్చి తేలాయి. 80 శాతానికి 12 శాతం, అంటే దోమ పుట్టుక 85 శాతం ఆగింది. ఆ గాజు పాత్రను అత్తగారి ఇంటికే తీసుకెళ్లి చూపించాము. కళ్లద్దాలు సర్దుకొని చాలాసేపు చూసి, ‘పాపం’ అన్నారు.

ఈ బావుల్లో మూడింట అనాఫిలిస్ స్టెఫెన్సి దొరికింది. నగరాల్లో మలేరియాను మోసేది ఇదే. బావులు, మేడ మీది ట్యాంకుల్లోని శుభ్రమైన నీరు దీనికి ఇష్టం. మనకు పాత కాపు అయిన ఈ దోమ 2012లో ఆఫ్రికాలోని జిబూటీలో బయటపడి అక్కడి ఆరోగ్య శాఖలకు కొత్త తలనొప్పి అయింది.

సెప్టెంబరు 21, ఆదివారం

నాలుగు వారాలు నిండాయి. బీటీఐ ముక్కల్లో రెండు పదో రోజుకే, టెమిఫాస్ ముక్కలు మూడో వారానికి మందు పడని ముక్కలతో సమానమయ్యాయి. ఇలా పూడిక నిండిన కాలువలో బీటీఐని వారానికి ఒకసారి కన్నా తరచుగా వేయవలసి ఉంటుందని మా నివేదికలో రాస్తున్నాము. బీటీఐ మూడు ముక్కల్లో ఒకదానిలో లార్వాలు మిగిలిన రెండింటి కన్నా వారం ఆలస్యంగా తిరిగి వచ్చాయి. కారణం కోసం తల పట్టుకుంటే మేస్త్రి గుర్తుచేశాడు, ఆగస్టు నడుమ ఆ ఒక్క ముక్కలోనే పూడిక తీశారట. ఒక్క ముక్కను పట్టుకొని ఏమీ తేల్చలేము, వాట్సాప్‌లో పెట్టవద్దని అందరికీ గట్టిగా చెప్పాను. అయితే తర్వాతి విడతకు ప్రశ్న మాత్రం దొరికింది: సగం ముక్కల్లో పూడిక తీసి, సగంలో తీయకుండా, రెండింటా ఒకే మందు. ఈశాన్య ఋతుపవనం అక్టోబరులో మొదలై డిసెంబరు దాకా కాలువలను కడిగేస్తుంది కనుక జనవరి చివరి దాకా ఆగాలి.

మాట ఇచ్చిన ప్రకారం ఈ రోజు మందు పడని ముక్కలకు మందు వేయించాము. కార్యదర్శిగారి శ్రీమతిగారు వాకిట్లో నిలబడి, పంపు చల్లిన ప్రతి అడుగూ చూశారు. ఆటో స్టాండు దగ్గర నూనె పొర ఇంకా పూర్తిగా పోలేదు; అక్కడ వేయడం దండుగని సిబ్బంది అన్న చెప్పగా, మేస్త్రి మనుషులు ముందు చెత్తనూ నూనె తెట్టునూ గంపలకెత్తారు. జనవరి విడతకు స్టాండు తరఫున లెక్కపెట్టే మనిషి కావాలని అడిగితే ఆటో తమ్ముడు పేరు రాయించుకున్నాడు. మగ్గు కర్ర విరిగింది, కొత్త వెదురు తనే తెస్తానన్నాడు.